పన్నెండు, పద్దెనిమిది, ఒక ముక్కు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కన్నతల్లీ అత్తగారూ ఒకే రోజు ఇంట్లో అడుగుపెట్టడం. పాప ముక్కు ఎవరి వైపు పోలికన్న విషయంలో వియ్యపురాళ్లిద్దరూ మాటా మాటా అనుకుని, ఒకరుండగా మరొకరు ఆ గుమ్మం తొక్కేది లేదని తేల్చేశారు. అప్పటినుంచి తల్లి పన్నెండు రోజులకోసారి, అత్తగారు పద్దెనిమిది రోజులకోసారి వచ్చి పాపను చూసుకుంటున్నారు. ఆ రోజుల్లోనే ఆమెకు పుస్తకం తెరిచే తీరిక. ఆరో తరగతిలో ఆగిన చదువును దూరవిద్యలో పదో తరగతి దాకా లాగాలని పట్టుదల. ఇద్దరూ మళ్లీ ఎదురుపడి అలిగారంటే రావడం మానేస్తారు. పరీక్ష అక్కడితో సరి.

గొడవ జరిగిన రోజే మొగుడికి ధైర్యం చెప్పింది. "మళ్లీ ఎప్పుడు ఎదురుపడతారో లెక్కగట్టానండీ. పన్నెండు ఇంటూ పద్దెనిమిది. రెండొందల పదహారు రోజులు!"

"అప్పటికి పాప నడుస్తుంది. తనే విడదీస్తుందిలే," అన్నాడతను. ఆ తర్వాత ఎవరి తల్లి వచ్చే రోజు వాళ్లే గుర్తుపెట్టుకున్నారు. రెండో తల్లి గురించి అడిగే సాహసం ఎవరూ చేయలేదు.

ఆ ఉదయం ప్లాను మామూలే. పాపకు స్నానం, తల్లి రాగానే ఒక పాఠం. పాప మళ్లీ నిద్రపోవడంతో పాఠమే ముందు మొదలైంది: ప్రధాన కారణాంకాలు. అలవాటుగా తన అంకెలే వేసుకుంది. పన్నెండంటే రెండు, రెండు, మూడు. పద్దెనిమిదంటే రెండు, మూడు, మూడు. రెండింట్లోనూ ఉన్న రెండునీ మూడునీ ఒక్కసారే తీసుకోవాలట. మిగిలిన రెండునీ మూడునీ కలిపి గుణించాలట. క.సా.గు. ముప్పై ఆరు.

క్యాలెండర్ దగ్గరికెళ్లి గొడవ రోజు నుంచి వేలితో లెక్కపెట్టింది. వేలు ఈరోజు మీద ఆగింది.

"ఏమండీ! అత్తయ్యగారు ఎప్పుడొస్తున్నారు?"

"ఇవాళేగా?" అన్నాడు గడ్డం మీద నురగతో. "అన్నట్టు, మీ అమ్మ?"

ఆమె వేలు క్యాలెండర్ మీదే ఉంది. అతనికి అర్థమైంది.

సగం గడ్డంతోనే తన తల్లిని ఆపడానికి బస్టాపుకు పరుగెత్తాడు. అతని ఫోను చార్జింగులోనే ఉండిపోయింది. ఆమె తన తల్లికి ఫోన్ చేసింది. "పాపకు కాస్త జలుబమ్మా. నీకూ అంటుకుంటుంది, ఇవాళ రాకు."

"అయ్యో నా బంగారం! ఒళ్లు కాలుతోందా?"

"కొంచెం..." నోరు జారింది.

ఆ కొంచెం చాలింది. తల్లి ముప్పై ఆరు రోజుల మౌనాన్ని పక్కనపెట్టి వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఆవిడ బస్సు మాట మానేసి ఆటో మాట్లాడి, దారిలో ఈవిడను ఎక్కించుకుంది. అరగంటలో గుమ్మం ముందు అమ్మమ్మ, నానమ్మ, రెండు థర్మామీటర్లు, దారిలో వెంటబెట్టుకొచ్చిన ఒక నర్సు దిగారు.

ఉయ్యాలలో పాప బోసినోటితో నవ్వింది. థర్మామీటర్లు రెండూ ఒకే మాట చెప్పాయి.

"పాపకేం లేదు," అంది నర్సు. "తల్లికే చెమటలు పడుతున్నాయి."

"మేం కొట్టుకుంటామనా అమ్మాయ్, ఇంత నాటకం?" అంది అత్తగారు.

"అబద్ధాలు మా ఇంటావంటా లేవు వదినగారూ," అంది తల్లి.

"మా ఇంట్లోనూ లేవు వదినగారూ. ఇప్పుడు చూస్తే ఆ ముక్కు మీదీ కాదు, మాదీ కాదు. అచ్చం ఈ కోతల కోడలిదే!"

తగువు తీరిపోయింది. "దీన్నిలా వదిలేస్తే పరీక్షలోనూ కథలే రాస్తుంది. కలిసే వద్దాం," అంది తల్లి. "పన్నెండూ పద్దెనిమిదీ, రెండూ మిగలకుండా పోయే పెద్ద అంకె ఆరు. ఆరు రోజులకోసారి!"

ఆమె పేజీ తిప్పింది. తర్వాతి పాఠం గ.సా.భా. రెండింట్లోనూ ఉన్న రెండూ మూడూ గుణిస్తే ఆరు. ఇన్నాళ్లూ భయపడింది క.సా.గు.కి, వచ్చిపడింది గ.సా.భా.

ఈ హడావిడిలో మొగుడికి కబురు చెప్పడం ఎవరికీ తోచలేదు. మీరు ఆ బస్టాపు మీదుగా వెళ్తుంటే, సగం గడ్డంతో ప్రతి బస్సులోకీ తొంగిచూసే మనిషి ఇంకా అక్కడున్నాడేమో ఒకసారి చూడండి. ఆరు రోజుల సంగతి మాత్రం చెప్పకండి. అతను ఇంటికి రావాలి కదా.