కిరణాల తాయెత్తు

ఆ ఉదయం జిపార వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కోవాలి, నరీన్ పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి కిరణాల భద్రత పరీక్షలో నెగ్గాలి. నెగ్గితే అత్‌బాషీలో ఎక్స్‌రే గది ఉద్యోగం ఆమెది. లేకపోతే ఇంకెవరిదో. జిపారకు ఆ ‘ఇంకెవరిదో’ అన్న మాటంటేనే ఒళ్ళుమంట. పట్టిందంటే ఉడుంపట్టే.

కోటు తీసి చూస్తే జేబు మీద బిళ్ళ లేదు. ఎక్స్‌రే పనివాళ్ళూ, ఆ పని నేర్చుకునేవాళ్ళూ గుండె మీద పెట్టుకునే నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ అది. నెలలో ఒంటి మీద ఎన్ని కిరణాలు పడ్డాయో దాన్ని యంత్రంలో పెడితే తెలుస్తుంది. పరీక్ష పెట్టే ఎసెన్ మాస్టారు ముందు అందరి బిళ్ళలూ చూస్తారు. బిళ్ళ లేనివాళ్ళు ఆయన గుమ్మం తొక్కరు. బిళ్ళ హద్దు దాటినవాళ్ళు అసలే తొక్కరు.

“అమ్మా, నా బిళ్ళేదీ?”

“మీ నాయనమ్మ పట్టుకుపోయింది,” అంది అమ్మ, టీ వంచుతూ. “ఇవాళ తుంటికి స్కానింగు కదా.”

“ఆవిడకెందుకే అది?”

“నువ్వేగా చెప్పావు, ఇది ఉన్నంతకాలం ఏ కిరణమూ నన్నేం చెయ్యదు నాయనమ్మా అని! మా అత్తగారు పనికొచ్చే మాట ఒక్కటీ మర్చిపోరు.”

జిపార నాలుక కరుచుకుంది. కిరణాల ఉద్యోగం వద్దే వద్దని ముసలావిడ రోజూ పోరుపెడుతుంటే, ఆ పోరు పడలేక అన్న మాట అది. బిళ్ళ కాపాడదనీ, కొలుస్తుందనీ మొదటి పాఠంలోనే ఉంది. మొదటి పాఠం విప్పి చెప్పే ఓపిక లేక ఒక్క అబద్ధంతో సరిపెట్టింది.

ఆసుపత్రిలో స్కానింగు గది ముందు బెంచీ మీద సాల్కిన్ నాయనమ్మ పేరంటం పెట్టినట్టు కూర్చుని ఉంది. పక్కన టీ ఫ్లాస్కు, ఒళ్ళో బూర్సోకుల మూట. వరుసలో ఉన్న అందరి నోళ్ళూ ఆ వేయించిన పిండి ముక్కలతో ఆడుతున్నాయి.

“నాయనమ్మా, నా బిళ్ళ!”

“బిళ్ళనకే, కళ్ళు పోతాయి. తోలు సంచిలో పెట్టి కుట్టాను, ఇప్పుడది తాయెత్తు. నేను సుబ్బరంగా బయటికొచ్చానా, తర్వాత తలకాయకి ఫోటో తీయించుకునే గుల్‌బారాకి కట్టాను. ఆ తర్వాత ఆ దగ్గు తాతకి. నలుగురికీ పనికొచ్చే వస్తువు ఒక్కదాన్నే దాచుకుంటే పాపం కదూ?”

“ఇప్పుడెక్కడుంది?”

“గుర్రం మీంచి పడ్డాడే, గొర్రెల మామ్బెత్, వాడి దగ్గరుంది. మెడ నుంచి నడుం దాకా తీశారు పాపం. కట్టు కట్టడానికి పైకి తీసుకెళ్ళారు.”

గదిలోంచి స్కానింగు ఆయన తల బయట పెట్టి అరిచాడు. “తర్వాత ఎవరు? రండి!”

వరుసలో ఒక్కరూ కదలలేదు. “తాయెత్తు పైకెళ్ళింది నాయనా,” అంది ఒకావిడ బూర్సోకు నములుతూ. “వచ్చాక వస్తాం.”

జిపార మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మామ్బెత్ కాలికి తడి పిండికట్టుతో, మెడలో తోలు తాయెత్తుతో చక్రాల కుర్చీలో రాజులా ఉన్నాడు.

“అన్నా, అది నాది. ఇచ్చెయ్యి.”

“ఎట్లా ఇస్తానమ్మా? పెద్దావిడ దీవించి కట్టింది. ఆవిడ చేతికే తిరిగివ్వాలి. మధ్యలో ఇంకొకరికిస్తే దీవెన శాపం అవదూ? ఇప్పటికే ఒక కాలు విరిగింది, రెండోది కూడా విరగాలా?”

మా కొండల్లో ఈ మాటకు ఎదురు లేదు. జిపార వాదించలేదు, కుర్చీ వెనక్కి వెళ్ళి తోసింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. సరుకుల బండ్ల వాలుదారిలో, వెనకనుంచి నర్సులు తిడుతుంటే, మామ్బెత్ “నిదానం తల్లీ, గుర్రమే నయం!” అని మొత్తుకుంటుంటే, కిందికి చేర్చింది. నాయనమ్మ తాయెత్తు అందుకుని అరచేతులు చాచి దీవెన మొదలుపెట్టింది. మామ్బెత్ కాలికి, వాడి గొర్రెలకు, ఆసుపత్రికి, జిపార పెళ్ళికి, పుట్టబోయే పిల్లలకు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందని భయపడి జిపార పళ్ళు బిగించి నిలబడింది. ఆ తర్వాత తాయెత్తు అందుకుని, అవే పళ్ళతో సంచి కుట్లు కొరుక్కుంటూ పరుగెత్తింది.

నేలమాళిగలో ఎసెన్ మాస్టారు బిళ్ళను యంత్రంలో పెట్టారు. అంకె చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఏడాది మొత్తానికి ఉన్న హద్దు ఒక్క నెలలో దాటేశావా? రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నావమ్మా, స్కానింగు బల్ల మీదా?”

“మాస్టారూ, అది నా మీద పడింది కాదు...”

“నీ బిళ్ళ నీ మీద కాక ఎవరి మీద ఉంటుంది? ముందు రక్తపరీక్షకు పద. పరీక్ష లేదు, ఉద్యోగం లేదు. కిరణాల ఛాయలకు కూడా వెళ్ళకు.”

“నేను కదలను,” అంది జిపార, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “నన్ను ప్రశ్నలడిగేదాకా కదలను.”

పరీక్షకొచ్చి వెనక నిలబడ్డ తోటి పిల్లలు ఊరుకుంటారా? బిళ్ళ నిండిపోయిందన్న కబురు స్కానింగు వరుస దాకా పాకింది. కాసేపటికి తలుపు బార్లా తెరుచుకుంది. ముందు మామ్బెత్ కుర్చీ, దాన్ని తోస్తూ గుల్‌బారా, వెనక దగ్గు తాత, అందరికీ పెద్దగా సాల్కిన్ నాయనమ్మ.

“మన కిరణాలన్నీ అదే తాగేసిందంట!” అన్నాడు మామ్బెత్ మురిసిపోతూ. “నేను ముందే అనుకున్నా, ఒళ్ళు తేలిగ్గా ఉందని.”

ఎవరెవరి మెడలో అది ఊరేగిందో విన్నాక మాస్టారి ముఖానికి రంగు తిరిగొచ్చింది. కానీ గొంతు మెత్తబడలేదు.

“ఇది కాపాడుతుందని మీకెవరు చెప్పారు?”

నాయనమ్మ గర్వంగా వేలు చూపించింది. “ఇదిగో, మా చదువుల తల్లి.”

జిపారకు నేల చీలితే బాగుండుననిపించింది.

“సరే,” అన్నారు మాస్టారు. “నీకు వేరే ప్రశ్నలు లేవు. ఈ బిళ్ళ ఏం చేస్తుందో మీ నాయనమ్మకు చెప్పు. ఆవిడ ఒప్పుకుంటే నెగ్గినట్టు.”

ఆవిడ చేత ఒప్పించడం కంటే పర్వతాన్ని జరపడం తేలిక. జిపార పుస్తకంలోని పాఠం చెప్పింది, నాయనమ్మ ఆవులించింది. బొమ్మ గీసింది, గుల్‌బారా అది ఉల్లిపాయా అని అడిగింది.

“తాగకపోతే ఎట్లా నిండిందే? నన్ను మాయ చెయ్యకు,” అంది నాయనమ్మ.

జిపార చూపు మామ్బెత్ మీద పడింది. “అన్నా, సంతలో గొర్రెను కాటా మీద పెడతావు కదా. కాటా గొర్రెను బలిపిస్తుందా?”

“కాటా ఏం బలిపిస్తుంది? ఎంతుందో చెబుతుంది.”

“తోడేలు వస్తే కాటా అడ్డుపడుతుందా?”

మామ్బెత్ పగలబడి నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. బిళ్ళనూ మనవరాలినీ మార్చి మార్చి చూసింది.

“అంటే ఇది ఒట్టి కాటానా?”

“ఒట్టి కాటా నాయనమ్మా. నీ పోరు పడలేక అబద్ధం చెప్పాను. తప్పయింది.”

“ఒప్పుకుంటున్నా,” అంది ముసలావిడ నెమ్మదిగా.

“నెగ్గావు,” అన్నారు మాస్టారు.

“ఏం నెగ్గడం!” నాయనమ్మ లేచి నిలబడింది. “ఇన్నాళ్ళూ తోడేళ్ళ గుహలోకి కాటా పట్టుకుని పోతున్నావా? ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. నడు ఇంటికి!”

కష్టపడి గెలిచిన పరీక్ష ఆ గెలుపు వల్లే చేజారేట్టుంది. జిపారకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “కాపాడేవి వేరే ఉన్నాయి నాయనమ్మా. మీట నొక్కేది క్షణం. అప్పుడు దూరంగా ఉంటాను, సీసం పోసిన గోడ వెనక ఉంటాను. తక్కువసేపు, దూరం, గోడ, ఈ మూడూ మర్చిపోకపోతే చాలు.”

“మర్చిపోవని నమ్మకమేంటి? కోటు మీది బిళ్ళ పోతేనే తెలియలేదు.” నాయనమ్మ తలగుడ్డ ముడి బిగించుకుంది. “సరే. నేనూ వస్తాను.”

వచ్చింది కూడా. అత్‌బాషీ ఎక్స్‌రే గది బయట బెంచీ మీద ఫ్లాస్కుతో రోజంతా కూర్చుంటుంది. తలుపు పడగానే “గోడ వెనక్కి పోయావా?” అని కేక వేస్తుంది. లోపల్నుంచి “పోయాను” అని వినపడేదాకా ఊరుకోదు. ఇప్పుడు వరుసలో వాళ్ళంతా ఆవిడతో కలిసి అరుస్తున్నారు.

శీతాకాలంలో జిపార బిళ్ళ నరీన్ ఆసుపత్రి యంత్రంలోకి వెళ్ళింది. అంకె సున్నా నుంచి దాదాపు కదలనే లేదు. అంత తక్కువంటే నమ్మలేక, బిళ్ళను సొరుగులో దాచకుండా రోజూ పెట్టుకొమ్మని ఎసెన్ మాస్టారు గట్టిగా కబురు పెట్టారు.