ఎర్రమిట్ట దగ్గర హైవే ఎందుకు వంగింది

కర్నూలు నుంచి కడపకు వేసే కొత్త హైవే కర్నూలులో మొదలై కడపలో ముగుస్తుందని అధికారులు సంతోషంగా ప్రకటించారు. ఈ విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. మధ్యలో ఎటు పోవాలన్నదే చిన్న సమస్య.

ఓర్వకల్లు దాటాక ఎర్రమిట్ట దగ్గర ఆ హైవే మొదట చంద్రమోహన్ చేను మధ్యగా పోవాల్సింది. చంద్రమోహన్ ఊరికి పెద్దమనిషి. దేశం బాగుపడాలంటే రోడ్లు కావాలని ప్రతి సభలోనూ చెప్పేవాడు. తన చేను కూడా దేశంలోదేనని సర్వేరాళ్లు పాతేదాకా ఆయనకు తెలియదు.

ఆ వైపు పెద్దలను సొంత చేలోనే పూడ్చి సమాధి కట్టడం ఆచారం. సమాధి ఉంటే రోడ్డు పక్కకు జరుగుతుందని చంద్రమోహన్ ఎక్కడో విన్నాడు. పితృభక్తి గల కొడుకు కనుక వారం తిరక్కుండానే తండ్రి హనుమన్న పేరు చెక్కించి, పాలరాతి పలకతో సమాధి కట్టించాడు. అందులో లోపమంటూ ఉంటే ఒక్కటే. ఆ సమయానికి హనుమన్న ప్రేమమ్మ బజ్జీల కొట్టు దగ్గర కూర్చుని ఉగ్గాని తింటున్నాడు.

ఇంజనీర్లు వచ్చారు. సమాధికి దండం పెట్టి పటంలో రోడ్డు గీతను పక్కకు జరిపారు. కొత్త గీత నేరుగా ప్రేమమ్మ పొయ్యి మీదుగా పోయింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ రేకుల కొట్టు, దాని కిందున్న కాస్త నేల. అవి పోతే బజ్జీల మూకుడు నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే.

"మామా, నువ్వు బతికుండావని సభలో ఒక్క మాట చెప్పు. నా కొట్టు నిలబడతాది," అంది ప్రేమమ్మ.

"చెప్పకేం మ్మే. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినోళ్లు ఎవురుండారు," అన్నాడు హనుమన్న.

ప్రజాభిప్రాయ సేకరణకు శామియానా వేశారు. హనుమన్న లేచి, తాను ఇంకా చావలేదని సవినయంగా మనవి చేసుకున్నాడు. తండ్రి ఇలా నలుగురిలో ఇంటి పరువు తీస్తాడని చంద్రమోహన్ అనుకోలేదు.

అధికారి గంభీరంగా ప్రసంగించాడు.

"మృతుల మనోభావాలను గౌరవించడంలో మా శాఖ ఎవరికీ తీసిపోదు. సమాధి స్థిరాస్తి. దాన్ని నేను కళ్లారా చూశాను. పెద్దాయన ఇవాళ ఇక్కడున్నారు, రేపు ఎక్కడుంటారో ఎవరు చెప్పగలరు? హైవే వందేళ్ల పని. అంతవరకు ఉంటానని ఆయన హామీ ఇస్తే తప్పక పరిశీలిస్తాం."

హనుమన్న హామీ ఇవ్వలేకపోయాడు. సభ చప్పట్లు కొట్టింది.

"బతికినోళ్ల మాట చెల్లేటట్టు లేదు మ్మే," అన్నాడు తిరిగొస్తూ.

కొట్టు చేరగానే ప్రేమమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. "అట్లయితే నేను గూడా పోతా మామా."

"యాడికి?"

"యాడికీ లేదు. ఈడనే, పొయ్యి పక్కన."

మేస్త్రీ యేసుప్రసాద్ రెండు రోజుల్లో చిన్న సమాధి కట్టి పైన సిలువ నిలబెట్టాడు. పేరు రాసి, పుట్టిన సంవత్సరం రాసి, పోయిన తేదీ ఏమని అడిగాడు.

"ఇంజనీర్లు వచ్చేదానికి ముందు ఏదో ఒగటి ఎయ్యప్పా," అంది ప్రేమమ్మ, శనగపిండి కలుపుతూ.

ఇంజనీర్లు మళ్లీ వచ్చారు. టోపీలు తీసి నిమిషంసేపు మౌనం పాటించారు. పోయినామె బజ్జీలకు పేరుమోసిందని విని, ఆమె చేతనే తలా ఒక ప్లేటు వేయించుకుని తిన్నారు. గీతను ఇంకోసారి జరిపారు. ఈసారి అది చంద్రమోహన్ కొత్త మేడ వరండాలోంచి పోయింది. మేడలో సమాధి కట్టే ఆచారం ఎర్రమిట్టకు ఇంకా రాలేదు.

హైవే పూర్తయింది. ఆ వంపు దగ్గర బండ్లన్నీ నెమ్మదిస్తాయి, నెమ్మదించినవి ఆగుతాయి. ప్రేమమ్మకు ఇప్పుడు చేతినిండా పని.

మొన్న కారు దిగిన ఒకాయన బజ్జీ కొరుకుతూ సమాధినీ, దాన్ని తప్పించుకుని వంగిన రోడ్డునూ చూసి కదిలిపోయాడు. "రోడ్డునే పక్కకు జరిపిందంటే ఎంత గొప్ప మనిషో. ఎవరమ్మా ఈమె?" అని అడిగాడు.

"నేనేనప్పా. ఇంగో రెండు బజ్జీలు ఎయ్యాల్నా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. ఫోను తీసి సమాధికి గురిపెట్టాడు.

"కొంచెం పక్కకు జరుగమ్మా," అన్నాడు, "అడ్డమొస్తున్నావు."