సంజీవరావు మాస్టారి సున్నాలు

మన ఆధార్ కార్డు, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు పదిమంది చేతుల్లో పడితే ప్రమాదమని కొందరు గోల పెడుతుంటారు. వాళ్ల మాట నమ్మకండి! అది మనకు దక్కిన మహాభాగ్యం. కన్నబిడ్డలే మన పుట్టినరోజు మర్చిపోయే ఈ రోజుల్లో, ముక్కూ మొహం తెలియనివాళ్లు దాన్ని ఇంత భద్రంగా దాచిపెడుతున్నారే, వాళ్ల రుణం ఎలా తీర్చుకుంటాం? అనుమానముంటే గుణదలలో సంజీవరావు మాస్టారిని అడగండి.

మాస్టారింట్లో పాత కంప్యూటర్ ప్రాణం వదిలింది. కూతురు దీవెన దాని హార్డ్ డిస్క్ ఊడదీసి, చిన్న డబ్బాలో బిగించి, తన లాప్‌టాప్‌కి తగిలించింది. దీన్ని ఖాళీ చేస్తే చర్చి వీడియోలన్నీ ఇందులో దాచుకోవచ్చు నాన్నా అంది.

ఖాళీ చేయడమంటే మాటలా? ఉత్తినే డిలీట్ కొడితే దొంగలు అన్నీ మళ్లీ బయటికి లాగుతారని మాస్టారు ఎక్కడో చదివారు. అందుకని డిస్క్ మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా సున్నాలు రాయించాల్సిందేనని పట్టుబట్టారు. సర్వీసంతా లెక్కల పేపర్ల మీద సున్నాలు వేసిన చెయ్యి మరి!

భార్య మార్త మాత్రం ఒక్కటే చెప్పింది. “అందులో మా అమ్మ పాటుందండీ. ముందు దాన్ని తీసి ఎక్కడైనా పెట్టండి. ఇంకెక్కడా లేదది.”

వాళ్లమ్మ తెరేసమ్మ చల్లపల్లిలో వరినాట్లకు వెళ్లిన మనిషి. పెళ్లయిన కొత్తలో అల్లుడుగారు బూట్లతో సహా చేలో దిగి మోకాళ్లదాకా కూరుకుపోతే, ఆవిడ ఆ ముచ్చట మీద పాట కట్టేసింది. పోయే ముందు ఏడాది మంచం మీద కూర్చుని, నవ్వుతూ, దగ్గుతూ ఆ పాట పాడుతుంటే దీవెన ఫోన్లో రికార్డు చేసింది. తర్వాత ఆ ఫోన్ ఏలూరు కాలవలో పడింది. అప్పటికే కాపీ చేసి పెట్టడంతో పాట ఈ కంప్యూటర్లో మిగిలింది.

అలాగే అన్నారు మాస్టారు. ఆధార్ మొదలుకొని ముఖ్యమైనవన్నీ ఏరి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. ఇంట్లో ఉంటే దొంగలు పడతారని, ఇంకో కాపీ బయట దాయిద్దామని దాన్ని పట్టుకుని నవాబ్ నెట్ సెంటర్‌కి వెళ్లారు.

“మీవన్నీ నా దగ్గర ఎప్పట్నుంచో ఉన్నాయి కద సార్” అన్నాడు నవాబ్, మర్యాదగా స్క్రీన్ ఇటు తిప్పి. నిజమే, ఉన్నాయి. వాటి పక్కన వీధివీధంతా ఉంది. కుర్చీలో కూర్చున్న కాసేపట్లోనే మాస్టారికి ఎదురింటి అమలమ్మగారి అసలు వయసు తెలిసిపోయింది.

ఒక్క నవాబ్ దగ్గరేనా? సిమ్ కార్డు ఇచ్చిన బడ్డీకొట్టులో ఉన్నాయి. మైలవరంలో వాయిదాల మీద మిక్సీ అమ్మిన దుకాణంలో ఉన్నాయి. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగితే మాస్టారు మిరపకాయ బజ్జీలు కొనుక్కున్నారు. పొట్లం విప్పితే, నూనెలో తడిసిన ఆధార్ జెరాక్సులోంచి ఆయన ఫొటోయే ఆయన వంక చూస్తోంది! బ్యాకప్ అంటే అదీ!

ఇంత ధైర్యం వచ్చాక ఇక ఆలస్యం దేనికి? కూతురు ఆఫీసుకు వెళ్లాక మాస్టారు స్వయంగా బటన్ నొక్కి సున్నాలు మొదలుపెట్టారు. సాయంత్రానికి డిస్క్ కడిగిన పళ్లెంలా తయారైంది. ఆయన ప్రార్థన కూడా చేసుకున్నారు.

అమ్మమ్మ పాట ఎక్కడ పెట్టావు నాన్నా అని దీవెన వచ్చి అడిగేదాకా ఆయనకు అది గుర్తే లేదు. ఉండదు మరి! అత్తగారి పాట జెరాక్సు పట్టుకురమ్మని జీవితంలో ఏ కౌంటర్ దగ్గరా ఎవరూ ఆయన్ని అడగలేదు. ముఖ్యమైనవి ఏరేటప్పుడు అది కంటికి ఎలా ఆనుతుంది?

డిస్క్ పట్టుకుని రిపేరు షాపులన్నీ తిరిగారు. మామూలుగా డిలీట్ కొట్టి ఉంటే తీసేవాళ్లమన్నారు. ఇంత శుభ్రంగా తుడిచినవాళ్లను చూడలేదని మెచ్చుకున్నారు కూడా.

మార్త తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టారికి ఎంతగానో అనిపించింది. ఆమె అన్నం వడ్డిస్తోంది, మాట్లాడకుండా వెళ్లిపోతోంది. చర్చిలో కూడా పాటలప్పుడు పెదవి కదపడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి అన్నాడు అవతలివాడు. మాస్టారి పూర్తి పేరు, ఆధార్ నంబరు, పెన్షన్ పడే ఖాతా గడగడా చదివాడు. మార్త పుట్టిన తేదీ కూడా చెప్పాడు. అది మాస్టారికే సరిగ్గా తెలియదు. మీ ఖాతా ప్రమాదంలో ఉంది, వెంటనే ఓటీపీ చెప్పండి అన్నాడు.

మాస్టారికి కోపం రాలేదు, భయం వెయ్యలేదు. ఆశ పుట్టింది.

“మావన్నీ మీ దగ్గర ఉన్నట్టున్నాయి కదా బాబూ” అన్నారు. “మా అత్తగారి పాట కూడా ఉందేమో, కాస్త చూసి చెబుతారా?”

అవతల చప్పుడు లేదు. వెతుకుతున్నాడేమోనని మాస్టారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

వంటింట్లోంచి మార్త వచ్చి గుమ్మంలో నిలబడింది. డిస్క్ తుడిచాక ఆమె భర్తతో మాట్లాడిన మొదటి మాట ఇదే.

“ఉందన్నాడా?”