చిన్న పుల్లీ, పెద్ద పుల్లీ

రాకేష్ పెళ్లినాడు పొద్దున్నే దయాకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేయాలి, మెకానిక్ భూమన్న తెచ్చే పుల్లీని కారుకు బిగించాలి, బావమరిదిని అందులో కూర్చోబెట్టి పెర్కిట్ నుంచి ఆర్మూరు ఫంక్షన్ హాలు దాకా బరాత్ ఊరేగింపుగా తీసుకుపోవాలి.

కారు పాత కాంటెస్సా. కువైట్‌లో క్రేన్ నడిపి తిరిగొచ్చాక దయాకర్ ఇష్టపడి కొనుక్కున్నది అదొక్కటే. పొడుగాటి బానెట్, ఎర్ర రంగు, స్టార్ట్ చేస్తే పక్కింటి గిన్నెలు కూడా కదిలేంత చప్పుడు. హైవే మీద ఎంత దూరమైనా చల్లగా పోయేది. మనిషి నడిచే వేగంతో పోనిస్తే మాత్రం రేడియేటర్ మరిగిపోయేది. రాకేష్ నిశ్చితార్థం రోజున బ్యాండు వెనకాల నెమ్మదిగా పోతూ నడిరోడ్డు మీద ఆవిరి కక్కి ఆగిపోతే, పెళ్లికొడుకు పసుపు బస్తాలు మోసే ట్రాలీ ఆటో ఎక్కి పోవలసి వచ్చింది. తెల్ల చొక్కా పచ్చగా మారి వచ్చిన అతణ్ని చూసి ఆడపిల్లవాళ్లు, "పసుపు ముట్టిచ్చుడు గప్పుడే అయ్యిందా?" అని నవ్వారు.

దయాకర్ భార్య రోజారాణి ఆ నవ్వును మరిచిపోలేదు. పెళ్లికొడుకు ఆమెకు సొంత తమ్ముడు.

"పెండ్లిల గూడ గట్లనే పొగ లేసిందనుకో, ఇంట్ల కారన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అన్నది.

దయాకర్‌కు ఇద్దరూ కావాలి. అందుకని వారం రోజులు బానెట్ కింద తలపెట్టి రోగం కనిపెట్టాడు. ఇంజను తిరిగితే, బెల్టు ద్వారా ఫ్యానుకూ నీళ్ల పంపుకూ ఉన్న పుల్లీ తిరుగుతుంది. పాత యజమాని ఎప్పుడో ఆ పుల్లీ అరిగిపోతే, దొరికింది కదా అని పెద్దది వేయించాడు. పెద్దది కనుక అది తాపీగా తిరుగుతోంది. దాని స్థానంలో చిన్నది పడితే ఫ్యాను జోరందుకుంటుంది. సరిపోయే సైజు కోసం భూమన్న ఊళ్లోని పాత ఇనుమంతా గాలిస్తున్నాడు.

దయాకర్ స్నానానికి పోయినప్పుడు ఫోను మోగింది. వాకిట్లో డీజే వాళ్లు బాక్సులు సరిచూసుకుంటున్నారు. అత్తగారు నర్సవ్వ ఒక చెవి మూసుకుని ఫోను ఎత్తింది.

"అమ్మా, నేను భూమన్నను. దయాకరన్నకు జర చెప్పున్రి. పుల్లి దొరికింది!"

"ఏం దొరికింది?"

"పుల్లి! పసుపు మిల్లు ఎనుక ఉండె. చిన్నది. సంచిల ఏసి కట్టిన. పెద్దది కార్లనే ఉంది గద, నేనొచ్చినంక ఇప్పుతా. అప్పటిదాంక ఎవ్వలు బానెట్ల చెయ్యి పెట్టొద్దు, వేళ్లు పోతయ్."

గుట్టల్లో చిరుత తిరుగుతోందని నెల రోజులుగా ఆర్మూరులో ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. నర్సవ్వ అరవలేదు. ఏ పనైనా నిదానంగా చేసే మనిషి. ఫోను పెట్టేసి, ఇద్దరు చుట్టాలను పిలిచి, ఎందుకో చెప్పకుండానే సన్నికల్లు ఎత్తించి కారు బానెట్ మీద పెట్టించింది. కారు చాబి కొంగుకు కట్టుకుంది. తర్వాత సంగతి పక్కింటి పోచవ్వకు ఒక్కదానికే చెప్పింది. పోచవ్వ కోడలికి ఒక్కదానికే చెప్పింది. కోడలు మహిళా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్కదాంట్లోనే పెట్టింది.

దయాకర్ తల తుడుచుకుంటూ వచ్చాడు.

"అత్తా, చాబి ఏది? భూమన్న వచ్చేలోపు బండి చూసుకోవాలె."

"ఇయ్య. ఇంటి నిండ పిల్లలున్నరు."

"పిల్లలనేం చేస్తది? నిన్న జర వేడి మీదుండె గని, నీళ్లు పోస్తే సల్లవడ్డది."

"నీళ్లు పోస్తె ఊకుందా?"

"ఊకుంది. రెండు బకెట్లు తాగింది."

నర్సవ్వ కొంగున చాబి ముడి ఇంకాస్త బిగించింది. "రోజాకు ఎర్కేనా?"

"ఎర్కే. అందుకేగా, కారన్న ఉండాలె నేనన్న ఉండాలె అంటున్నది."

కూతురి ఓపికకు నర్సవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చాబి మాత్రం ఇవ్వలేదు. ఇంతలో వాట్సాప్ తిరిగి తిరిగి పెళ్లింటికే వచ్చింది. డీజే ఆగిపోయింది. చుట్టాలంతా డాబా ఎక్కారు. పెళ్లికొడుకు అందరికంటే ముందు ఎక్కాడు. ఎందుకో తెలియక కింద దయాకర్ ఒక్కడే మిగిలాడు.

భూమన్న దగ్గరి నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి దయాకరే ఎత్తాడు.

"అన్నా, నేను రాను. పసుపు మార్కెట్ యార్డుల పులి వడ్డదట. హమాలీలందరు ఉరుకుతున్నరు. నేను సంచి పట్టుకొని పసుపు లారీ ఎక్కిన. సంచి తీస్కొని ఎటు వోయినా నన్ను జూసి జనం ఉరికిన్రన్నా, ఎందుకో సమజైతలేదు."

పులి సంగతి సరే, పుల్లీ లారీ మీద ఉండిపోయింది.

అంతలో ఫారెస్టు జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ఆఫీసర్ శోభారాణి దిగింది. వెనక వలలు పట్టుకుని నలుగురు దిగారు.

"పులి యార్డుల ఉందట మేడం. ఈడికొచ్చిన్రేంది?" అన్నాడు దయాకర్.

"యార్డుల ఉన్నది పిల్ల. తల్లి మీ కారులో ఉందని కంప్లైంట్ వచ్చింది."

"మా కార్లనా? ఎవలు చెప్పిన్రు?"

"మీ అత్తగారట."

డాబా మీది నుంచి నర్సవ్వ వంగి చూసింది. "నాకు భూమన్ననే చెప్పిండు బిడ్డా. చిన్నది సంచిల కట్టిండట. పెద్దది కార్ల ఉందట. వచ్చి ఇప్పుతా అన్నడు."

దయాకర్ చాబి కింద వేయించుకున్నాడు. సన్నికల్లు దింపాడు. దాని కింద ఎర్ర రంగు అరచేతి వెడల్పున లేచిపోయి ఉంది. బానెట్ ఎత్తి వేలు పెట్టి చూపించాడు.

శోభారాణి వంగి చూసింది. వలలవాళ్లు కూడా చూశారు.

"ఇదేనా పెద్దది?"

"గిదే మేడం."

"మరి చిన్నది?"

"లారీ మీదుంది. భూమన్న గూడ ఆడనే ఉన్నడు. దిగుతలేడు."

శోభారాణి నవ్వలేదు. జీపు పంపి భూమన్నను తెప్పించింది. అతను సంచిని ఒళ్లో పెట్టుకుని, పులి దొరికిందా అని దారి పొడుగునా డ్రైవర్ని అడుగుతూ వచ్చాడు.

చిన్న పుల్లీ అతికినట్టు సరిపోయింది. బెల్టు బిగించి బండి స్టార్ట్ చేశారు. నిలబడ్డ చోటే చాలాసేపు తిరిగినా వేడి ముల్లు సగం దాటలేదు. దయాకర్ గుండె నిండిపోయింది. నడక వేగంతో ఊరంతా తిరిగినా ఇక ఢోకా లేదు. ఊరేగించి అందరికీ చూపించాలనుకున్నాడు.

చూడటానికి ఎవరూ లేరు. పులి లేదని గ్రూపులో పెట్టించారు గానీ, ఆఫీసర్లు గట్లనే అంటరని జనం తలుపులు తీయలేదు. ధైర్యం చెప్పడానికి ఫారెస్టు జీపు ముందు నడిచేసరికి తీసిన రెండు షాపులు కూడా షట్టర్లు దించేశాయి. బరాత్‌కు రావలసిన బ్యాండువాళ్లు పక్క ఊరు అంకాపూర్ కూడా దాటి పోయామని ఫోను చేసి చెప్పారు.

"బావా, జర తొందరగ పోనియ్," అన్నాడు రాకేష్, అద్దం పూర్తిగా ఎక్కించుకుంటూ.

"పులి లేదురా."

"లేదని నాకెర్కే. అయినా పోనియ్."

దయాకర్ గట్టిగా ఊపిరి వదిలి గేరు మార్చాడు. కాంటెస్సా ఖాళీ రోడ్డు మీద అరవైలో పోయింది. గంటన్నర పట్టాల్సిన బరాత్ టీ తాగేలోపు అయిపోయింది. హాలు ముందు వెనక సీట్లోంచి దిగి రోజారాణి బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. పొగ లేదు.

"సరే, ఉండనియ్," అన్నది.

లోపల పెళ్లి చేయించే అయ్యగారు ఇంకా చాపలు పరిపించుకుంటున్నాడు. పెళ్లికొడుకును చూసి లేచి నిలబడ్డాడు, గడియారం వంక చూశాడు, మళ్లీ పెళ్లికొడుకు వంక చూశాడు. ఆయన సర్వీసులో ముహూర్తానికి జరిగిన మొదటి పెళ్లి అది.