పరామర్శకు ప్రత్యేక పాదం

దర్జీ పాదాన్ని చూడవచ్చే బంధుమిత్రుల సౌకర్యార్థం ఆసుపత్రి వార్డులో ప్రత్యేక ఏర్పాట్లు జరిగాయి. వాటి పూర్వాపరాలు ఇవి.

బస్సు చక్రం కింద నలిగిన ఎడమ పాదాన్ని డాక్టర్లు తీసేయలేదు. తొడ నుంచి కండ, చర్మం తెచ్చి అతికించి, వెంట్రుకంత దారంతో రక్తనాళాలు కుట్టారు. ఆ కుట్టుపనికి దర్జీ కూడా వంక పెట్టలేకపోయాడు. నర్సు మాటిమాటికీ వచ్చి అతికిన చోట వేలితో మెల్లగా నొక్కి చూసేది. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నెత్తురు ఆడుతున్నట్టు.

"ఇంకెవరూ ముట్టుకోకూడదమ్మా. నెత్తురు ఆగిందంటే పాదం తీసేయాల్సిందే" అని దర్జీ భార్యకు చెప్పింది.

నర్సు నొక్కడం బంధువులు చూశారు. ప్రేమ గలవారు చేతులు ముడుచుకుని కూర్చోరు గనక తలా ఒకసారి నొక్కారు. పెద్ద మామయ్య బొటనవేలు వాడాడు. "నా చెయ్యి పడితే నెత్తురు పరిగెత్తాలి" అన్నాడు. దర్జీ అక్కగారు పాదాన్ని కడసారి చూసుకుంటున్నట్టు కళ్ళొత్తుకుని, "పోనీలేరా, ఇంకోటుందిగా" అని ఓదార్చింది.

ఈ జన్మకు సాగనంపినవాళ్ళు చాలు, పాదాన్ని కూడా సాగనంపే ఓపిక భార్యకు లేదు. అలాగని పెద్దవాళ్ళను వద్దనే నోరూ లేదు. చివరికి అక్కగారి మాటే దారి చూపింది.

మర్నాడు కుడి పాదం ఘనంగా కట్టు కట్టించుకుని, బొటనవేలు మాత్రం బయటపెట్టి, దిండు మీద కొలువుతీరింది. ఎడమ పాదం దుప్పటి చాటున వెచ్చగా పడుకుంది. నర్సు అది చూసి, ఇంకాస్త దూది ఇచ్చి వెళ్ళింది.

ఏర్పాట్లు అందరికీ సంతృప్తి కలిగించాయి. మామయ్య వేలు నొక్కి, "చల్లబడిపోయింది. నా మాట విని తీయించెయ్యి, అమ్మాయ్" అన్నాడు.

"అలాగే మామయ్యా, డాక్టరుగారికి చెప్తాను."

"ఆ రంగు చూడు, ఎలా నల్లబడిందో" అంది అక్కగారు.

"అది పుట్టురంగేనక్కా" అన్నాడు దర్జీ. నొప్పికి ఏదో మాట్లాడుతున్నాడని ఎవరూ పట్టించుకోలేదు.

ఎడమ పాదం నిలిచింది. దర్జీ మళ్ళీ మిషను తొక్కుతున్నాడు. కుడి బొటనవేలు మాత్రం వాచి, ఆ కాలితో కొంచెం కుంటుతున్నాడు. "మేం దగ్గరుండి చూసుకోబట్టి ఆమాత్రమైనా నడుస్తున్నాడు" అని మామయ్య అందరికీ చెబుతున్నాడు.

భార్య ఆ కట్టు గుడ్డను ఉతికి దాచింది. ఇరుగుపొరుగులో ఎవరు మంచాన పడినా వచ్చి అడిగి పట్టుకెళ్తున్నారు. మీరు ఈమధ్య ఎవరినైనా పరామర్శించి వచ్చి ఉంటే, మీకు చూపించింది ఏ కాలో ఒకసారి గుర్తు చేసుకోండి.