హనోయి చారు, సొంత చెంబు

రేవుగూడెంలో అంటరానితనం లేదని సర్పంచ్ లక్ష్మీరాజం పటేల్ గారు బహిరంగంగా ప్రకటించారు. ప్రకటించింది మరెక్కడో కాదు, ఏలియా హోటల్లో బల్ల మీద కూర్చుని. ఆ సమయాన ఆయన ముందర ఇంటి నుంచి తెచ్చుకున్న కంచు గిన్నె, అందులో ఏలియా వండిన చారు, కుడిచేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న వెదురు పుల్లలు, ఎడమపక్కన ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబెడు నీళ్లు ఉన్నాయి. అంటరానితనాన్ని మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చామని ఆయన అభిప్రాయం.

చారు కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. లక్సెట్టిపేట దాటాక గోదావరి పక్కన ఉంటుంది రేవుగూడెం. కాగజ్‌నగర్ మిల్లుకు వెదురు మోసే లారీలు అక్కడ ఆగుతాయి. ఆ ఊళ్లో హరిజనులుండే మిషన్ వాడలోని దెబోరవ్వ కొడుకు ఏలియా పటాలంలో వంటవాడుగా చేరాడు. ఇండోచైనాలో యుద్ధం ఆగాక, శాంతిని కాపాడమని మన దేశం పంపిన కమిషన్ వెంట గరిటె పట్టుకుని హనోయి పోయాడు. మన అధికారులు అక్కడ ఎంత శాంతిని కాపాడారో తెలియదు గాని, ఏలియా మాత్రం ఒక ముసలామె దగ్గర కూర్చుని ఆ దేశపు చారు నేర్చుకుని వచ్చి, ఊళ్లో హోటలు పెట్టాడు.

కోడి ఎముకలను పొద్దంతా సన్నటి సెగ మీద మరిగించాలి. ఉల్లిగడ్డ, అల్లం నిప్పుల మీద కాల్చి వేయాలి. దాల్చినచెక్క, అనాసపువ్వు మూటగట్టి వదలాలి. బియ్యప్పిండిని గుడ్డ మీద పలచగా పరిచి, ఆవిరికి ఉడికించి, పొరలా లేపి, కత్తితో సన్నగా కోస్తే తీగలవుతాయి. ఆ తీగలు గిన్నెలో వేసి, మీద చారు పోసి, కొత్తిమీర, ఉల్లాకు, పచ్చిమిర్చి చల్లి, నిమ్మకాయ పిండాలి. అక్కడివాళ్లు దాన్ని ఫో అంటారట. రేవుగూడెం దాన్ని హనోయి చారు అంది.

మొదట తాగింది లారీ డ్రైవర్లు, మిషన్ వాడ జనం. పెద్దలు ఆ దిక్కు చూడలేదు. అయితే ఒక చలికాలం పటేల్ గారికి జలుబు చేసింది. కషాయాలు అయిపోయాయి, ఆవిరి పట్టడం అయిపోయింది, ముక్కు మాత్రం విడవలేదు. అలాంటి ముక్కులోకి కూడా ఆ వాసన దూరింది. పటేల్ గారు రోడ్డు మీద నిలబడి, దగ్గరికి పోకుండా, గొంతెత్తి అడిగారు.

"ఏమిరా ఏలియా, ఏం వండుతున్నవ్‌రా? వాసన మా అర్ర దాకొస్తుంది."

"హనోయి చారు పటేలా. గా దేశపోళ్లు పొద్దుగాల లేస్తే ఇదే తాగుతరు."

"జలుబుకు మంచిదేనా?"

"ముక్కు ఇడుస్తది పటేలా. ఫికర్ చెయ్యకుండ్రి."

ముక్కు విడవాలంటే చారు తాగాలి. తాగాలంటే ఏలియా చేతి వంట తినాలి. ఇంత క్లిష్టమైన సమస్య పంచాయతీ ముందుకు అంతకు మునుపు రాలేదు. వార్డు మెంబరూ కిరాణం కొట్టు యజమానీ అయిన హనుమండ్లు గారి ఇంట్లో పెద్దలు సమావేశమయ్యారు. ఊరి పంతులు గారు బాగా ఆలోచించి, శాస్త్రాల్లో హనోయి ప్రస్తావన ఎక్కడా లేదు గనక హనోయి వంటకు కులం అంటదని తేల్చారు. వంట విదేశీది, ఏలియా కేవలం గరిటె తిప్పే మనిషి. గిన్నె మనదైతే చాలు. పుల్లలతో తింటే చెయ్యి కూడా తగలదు. ఇక తాగే నీళ్లంటారా, నీళ్లు విదేశీవి కావు గనక అవి ఎవరి ఇంటి నుంచి వారు తెచ్చుకోవాలి. చారు అంటే తొంభై పాళ్లు నీళ్లే కదా అని అక్కడ ఎవరికీ తోచలేదు. తోచినా ఆ మాట అనేంత తెలివితక్కువవారు పెద్దల్లో లేరు.

ఆ మర్నాటి నుంచి పెద్దల ఇళ్లలో ఒక కొత్త సాధన మొదలైంది. పటేల్ గారు అరుగు మీద కూర్చుని వెదురు పుల్లలతో అటుకులు ఏరడం నేర్చుకున్నారు. ఆయన భార్య కమలవ్వ మూడు రోజులు చూసి, "ఈ మనిషికి జలుబు నెత్తికెక్కింది" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పటేల్ గారి ముక్కు విడిచింది. నాలుక మాత్రం చిక్కుకుంది. జలుబు పోయి చాలా కాలమైనా ఆయనకు పొద్దున ఆ చారు పడకపోతే తెల్లారనట్టే. హనుమండ్లు గారికీ అంతే. పంతులు గారికి మాత్రం ఎముకలు లేకుండా వేరే కుండలో చేసేవారు. ఆయనకూ అది తప్పనిసరైంది.

ఇప్పుడు ఆ నీళ్ల సంగతి. ఏలియా హోటలుకు ఎదురుగానే సర్కారు తవ్వించిన కొత్త బావి ఉంది. ఒడ్డున రాతిపలక మీద 'సర్వజనుల ఉపయోగార్థం' అని చెక్కించారు. ఆ సర్వజనుల్లో మిషన్ వాడ లేదు. వాడ ఆడవాళ్లు కుండలతో ఎడంగా నిలబడితే, పుణ్యాత్ములెవరైనా దయదలచి పైనుంచి ఒక బొక్కెన పోస్తే పోసినట్టు, లేకుంటే లేదు. అలా నిలబడడం దెబోరవ్వకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందుకని చారుకు కావలసిన నీళ్లన్నీ గోదావరి నుంచి నెత్తిన మోసుకొచ్చేది. ఎదురుగా బావి, వెనక ఇసుక, నడుమ ముసలి మోకాళ్లు.

ఏలియా ఒకరోజు చేతులు కట్టుకుని పటేల్ గారి ముందు నిలబడ్డాడు.

"పటేలా, మా అవ్వ మోకాళ్లు అరిగిపోయినయ్. బాయి ముందటనే ఉన్నది. మేమే చేదుకుంటం, జర ఒప్పుకోండ్రి."

పటేల్ గారు గిన్నె అడుగున మిగిలిన చారు గుటక వేసి, మూతి తుడుచుకుని, లేచి నిలబడి ప్రసంగించారు.

"ఏలియా! నీ చారు ఈ గ్రామానికే గర్వకారణం. గోదావరి జలం వల్లనే దానికి ఆ రుచి అబ్బిందని పెద్దలందరి ఏకగ్రీవ అభిప్రాయం. అంతటి కళను బావినీళ్లతో చెడగొట్టడానికి ఈ పంచాయతీ ఎన్నటికీ అనుమతించదు. కళను కాపాడటం మా బాధ్యత!"

పెద్దలు చప్పట్లు కొట్టారు. ఏలియా గిన్నెలు తీశాడు. తన చారును ఇంతగా మెచ్చుకున్నందుకు సంతోషించాలో, తల్లి మోకాళ్లను తలుచుకుని ఏడవాలో అతనికి తెలియలేదు.

ఎండాకాలం వచ్చింది. గోదావరి పాయ అవతలి గట్టుకు జరిగింది. కాలే ఇసుకలో నిండు కుండతో వస్తూ దెబోరవ్వ పడిపోయింది. కుండ పగిలింది, మోకాలు బూరెలా వాచింది. మర్నాడు పొద్దున పెద్దలు గిన్నెలు, పుల్లలు, చెంబులతో వచ్చేసరికి పొయ్యి మీద పిల్లి పడుకుని ఉంది.

"చారేదిరా?" అన్నారు పటేల్ గారు.

"నీళ్లు లెవ్వు పటేలా."

మొదటి రోజు ఓర్చుకున్నారు. రెండో రోజు హనుమండ్లు గారు గిరాకీల మీద విరుచుకుపడ్డారు. మూడో రోజు పంతులు గారు పూజలో మంత్రం మరిచిపోయారు. నాలుగో రోజు పెద్దలు మళ్లీ సమావేశమయ్యారు. కళను కాపాడిన తీర్మానం ఎవరికీ గుర్తు రాలేదు. ఏలియాను బావి ఎక్కనివ్వాలా? రామరామ! అది ఆచారానికి విరుద్ధం. ఎక్కొద్దని చెప్పాలా? అది చట్టానికి విరుద్ధం. చారు మానాలా? అది ప్రాణానికే విరుద్ధం. చివరికి పటేల్ గారికే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తామే చేది పోస్తే?

మరునాటి నుంచి కోడికూతకు రేవుగూడెం బావి దగ్గర కనిపించిన దృశ్యం జిల్లాలో మరెక్కడా కనిపించదు. ధోవతి ఎగ్గట్టి పటేల్ గారు తాడు లాగుతారు. హనుమండ్లు గారు బొక్కెన అందుకుని, కుండకు తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోస్తారు. దెబోరవ్వ వాచిన కాలు చాపుకుని గోనెసంచి మీద కూర్చుని చూస్తుంది.

"జర నిండ పొయ్యుండ్రి పటేలా. గా కుండ సగమే నిండింది" అంటుంది.

పటేల్ గారు ఇంకో బొక్కెన లాగుతారు. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. తరతరాలుగా ఆ ఇంట్లో ఎవరూ తాడు ముట్టి ఎరగరు. ఏలియా కుటుంబం తాడు ముట్టకుండా ఉండడానికి పటేల్ గారు ఎంత త్యాగానికి సిద్ధపడ్డారో చూడండి! దీనికి శ్రమదానం అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే బ్లాకు ఆఫీసుకు ఒళ్లు పులకరించింది. అగ్రవర్ణాల వారు హరిజన వృద్ధురాలికి నీళ్లు మోయడమా! అభివృద్ధి అధికారి గారు స్వయంగా అభినందించడానికి బయలుదేరారు.

అధికారి గారు వచ్చి, జీపును పెట్రోలు కోసం లక్సెట్టిపేటకు పంపి, హోటలు ముందు పందిరి కింద గంటసేపు ప్రసంగించారు. అంటరానితనం నేరమన్నారు. బావి అందరిదన్నారు, అడ్డుకున్నవాడికి జైలే అన్నారు. రేవుగూడెం యావత్ భారతానికే దారి చూపిందన్నారు. ఆ తర్వాత కొత్త పింగాణి గిన్నెలో ఆయనకు చారు వడ్డించారు. ఆయన రుచి చూసి, మెచ్చుకుని, చారులో తేలుతున్న పచ్చిమిర్చిని బెండకాయ ముక్క అనుకుని నమిలారు.

మిర్చి దెబోరవ్వ పెరట్లోది. అధికారి గారి ముఖం ఎర్రబడింది. చేత్తో నీళ్లని సైగ చేశారు. ఆయన నీళ్ల సీసా జీపులో పోయింది. పెద్దలందరి దగ్గరా చెంబులు నిండుగానే ఉన్నాయి. కాని ఎవరూ కదల్లేదు. ఎందుకంటే సారు ఏ కులమో కనుక్కోవడం ఆ హడావుడిలో మరిచిపోయారు. పైకులమైతే మన చెంబు ఇస్తే తప్పు, కిందికులమైతే ఇచ్చాక చెంబు పనికిరాదు. పటేల్ గారు తన చెంబును కొంగుబంగారంలా ఒళ్లోకి లాక్కున్నారు.

ఏలియా గ్లాసు నిండా నీళ్లు తెచ్చాడు.

"తాగుండ్రి సార్. పొద్దుగాల పటేల్ సాబే చేదిండు."

అధికారి గారు గ్లాసు వంక చూశారు. తరవాత పటేల్ వంక చూశారు. పటేల్ తల ఊపితే తాగేవారేమో. పటేల్ గారు పందిరి ఆకులు లెక్కపెడుతున్నారు.

"నాకు... దాహం... లేదు" అన్నారు అధికారి గారు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

పటేల్ గారు వెంటనే లేచారు. "చూడండి! మన గ్రామ ఐక్యతను చూసి సారు గారు కన్నీరు ఆపుకోలేకపోతున్నారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఏలియా గ్లాసు బల్ల మీద పెట్టాడు. హనోయిలో మోకాళ్ల మీద కూర్చుని తన ఎంగిలి గిన్నె తీసిన ముసలామె జ్ఞాపకం వచ్చి, సొంత ఊళ్లో అతనికి సిగ్గేసింది.

దెబోరవ్వకు సిగ్గు కాదు, కోపం వచ్చింది. కర్ర ఆనించి లేచింది.

"నా చారు కడుపుల వడ్తది గని, నా గిలాసల నీళ్లు గొంతు దిగయా? మీరు చేదిన నీళ్లే గద! నా ఇంట్ల పొద్దుందాక ఉంటే ఖరాబైనయా?" ఖాళీ బిందె చంకన పెట్టుకుంది. "సారూ, బాయి అందరిదని ఇప్పుడే చెప్తిరి. నేను చేదుకుంట. ఎవలన్న ఆపుతరేమో జర చూస్తుండుండ్రి."

కుంటుకుంటూ పోయి బావి గట్టు ఎక్కింది. తాడు వదిలింది. గిలక కిర్రుమంది.

ఆపితే చట్టం, ఆపకపోతే ఆచారం. ఆ క్షణాన రేవుగూడెం పెద్దలు చూపిన సమయస్ఫూర్తిని ఎంత పొగిడినా తక్కువే. అధికారి గారు చేతి గడియారానికి కీ ఇచ్చుకోసాగారు. పంతులు గారు కళ్లు మూసుకుని జపంలోకి వెళ్లారు. హనుమండ్లు గారు చెప్పుల కోసం వెతకసాగారు, అవి ఆయన కాళ్లకే ఉన్నాయి. పటేల్ గారు మెడ తిప్పి గోదావరి వైపు, అందులో లేని నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

దెబోరవ్వ బొక్కెన పైకి లాగింది. మొదట దోసిట పట్టి తాను తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్లు కొంగుతో తుడుచుకుని, బిందె నింపింది. ఏలియా పరుగెత్తుకుపోయి నిండు బిందెను తన భుజానికెత్తుకున్నాడు.

అధికారికంగా ఆ రోజు ఏమీ జరగలేదు. బావిని శుద్ధి చేయిద్దామని పంతులు గారు నసిగారు గాని, శుద్ధి చేస్తే చూసినట్టు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఎవరో ఒకరు ఎందుకు ఆపలేదని అడుగుతారు. కనక ఎవరూ చూడలేదు. మర్నాడు దెబోరవ్వ చేదుకుంది, ఎవరూ చూడలేదు. ఆ వెంటనే వాడలోని ఆడవాళ్లంతా బిందెలతో వచ్చారు. ఊరు ఊరంతా వాళ్లనూ చూడలేదు. అదే బావి నీళ్లతో ఏలియా చారు కాస్తున్నాడు, పెద్దలు తాగుతున్నారు. గోదావరి నీళ్లప్పటి రుచి తగ్గిందని ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. పక్కన సొంత చెంబు మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

పొద్దున్నే మెడ గోదావరి వైపు తిప్పి తిప్పి పటేల్ గారికి మెడ పట్టేసింది. కమలవ్వ రోజూ రాత్రి ఆముదం కాచి రుద్దుతూ, "ఇంత పరేషాన్ ఎందుకు, జర ఇటు చూడరాదు?" అంటుంది. ఆయన చూడరు.

అయ్యా, తమరు ఈ కథ చదివారు. బాగుందని నవ్వారు కూడా. మీ ఇంట్లో పనిమనిషికి టీ పోసే గ్లాసు ఎక్కడ బోర్లించి ఉందో వెళ్లి చూడమని మేము అనం. మీరూ గోదావరి వైపే చూడండి.