అంజయ్య బర్రె చనిపోయిన వైనం

ఆ రోజు పొద్దున్నే మోత్కూర్ వెళ్లి గడ్డం గీయించుకుని, హోటల్లో పూరీ తిని రావాలని అంజయ్య పథకం. పెళ్లాం కృష్ణమ్మ కూతురి కాన్పుకని వెళ్లింది కాబట్టి అడిగేవాళ్లు లేరు. తీరా లేచి చూస్తే, రాత్రి వానకు వాగు పొంగి కొట్టం సగం కూలింది. బర్రె లేదు.

అది కృష్ణమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చిన బర్రె. మొగుడు కొట్టుకుపోయినా ఆమె సర్దుకునేదేమో గానీ, బర్రె పోతే ఊరుకునే మనిషి కాదు. వాగు గట్టంతా వెతికినా జాడ దొరకలేదు.

పక్కింటి వీరేశం దారి చెప్పాడు. "వరదల సచ్చిన గొడ్లకు సర్కారు సాయం ఇస్తాందంటనే అన్నా. గా పైసలతోని గసుంటిదే ఇంకోటి కొను. వదిన వచ్చేటాల్లకు కొట్టంల కట్టేసి ఉంటది. జర తప్పిపోయిందనకు, సచ్చిందను."

"సచ్చినట్టు నేను సూడలే గదరా."

"నేను సూసిన తియ్."

మధ్యాహ్నం పశువుల డాక్టరు అనూహ్య పంచనామాకు వచ్చింది. పోయినవాళ్లను పొగడటం మన ఊళ్ల మర్యాద. ఊరంతా ఆ మర్యాద బర్రెకూ చేసింది. "పూటకు ఎనిమిది లీటర్లు మేడం" అన్నారు కొందరు. "పసిపోరగాండ్లు కడుపు కిందికెల్లి దూరినా కాలెత్తకపోయేది" అన్నాడు వీరేశం. నిజానికి అది ఇచ్చేది లీటరున్నర. కృష్ణమ్మ తప్ప ఎవరు దగ్గరికెళ్లినా తన్నేది. అయినా వినగా వినగా అంజయ్యకు దుఃఖం ఆగలేదు. అంత మంచి బర్రెను బతికుండగా గుర్తించలేకపోయానే అని భోరుమన్నాడు.

మర్నాడు బర్రె కింది ఊళ్లో సాలమ్మ పెరట్లో ఉందని తెలిసి పరుగెత్తాడు. వంకర కొమ్ముతో సహా తనదే.

"అక్కా, గిది నా బర్రె."

సాలమ్మ కుంటుకుంటూ వచ్చింది. "నీది సచ్చింది గద తమ్మీ. మా ఊరోళ్లు గూడ బాధపడ్డరు. గా దేవతసుంటి బర్రె ఏడ, గీ దయ్యం ఏడ? పొద్దున పిండపోతే నా కాలిరగ తన్నింది. అసలోడు వస్తే ఇస్త, నీకియ్య."

డాక్టరమ్మను పిలిపించారు. ఆమె బర్రె వైపు ఒక అడుగు వేసి, తన్ను తప్పించుకుని వెనక్కి వచ్చింది. "ఇది మీదయ్యే ప్రశ్నే లేదండీ" అంది.

వెంట వచ్చిన వీరేశం మెల్లగా జనం వెనక్కి జరిగాడు. అంజయ్యకు కృష్ణమ్మ మొహం గుర్తొచ్చింది. సాయమూ వద్దనుకున్నాడు, పరువూ వద్దనుకున్నాడు. "అన్ని అబద్ధాలే మేడం. గది ఇచ్చేది లీటరున్నరే. నా పెండ్లాం కూసుంటేనే పాలు చేపుతది. ఆమె ఊర్లె లేనినాడు..." గొంతు తగ్గించాడు. "తలుపేసుకొని, ఆమె చీర కట్టుకొని నేనే పిండుత."

వీరేశం బండి మీద వెళ్లి దండెం మీదున్న కృష్ణమ్మ విడిచిన చీర తెచ్చాడు. రెండూళ్ల జనం చూస్తుండగా అంజయ్య కుచ్చిళ్లు దోపి, నెత్తిన కొంగు కప్పుకుని, చెంబు పట్టుకుని కూర్చున్నాడు. బర్రె ఒకసారి వాసన చూసి, బుద్ధిగా పాలు చేపింది. డాక్టరమ్మ సాయం రద్దు చేసి, "బర్రె బతికున్నట్టు రుజువు కావాలి, ఇటు చూడండి" అని ఫోటో తీసింది.

అంజయ్య బర్రెను తోలుకుని ఇల్లు చేరేలోపే ఆ ఫోటో కృష్ణమ్మ ఫోనుకు చేరింది. ఆమె తిరిగొచ్చిన రోజు అతను తిట్లు తినడానికి సిద్ధమై కూర్చున్నాడు. ఆమె కొట్టంలోకి వెళ్లి బర్రెను నిమిరి, నింపాదిగా బయటికి వచ్చింది.

"నేను లేనినాడు బర్రె చేపలేదని ఇన్నేండ్లు చెప్పితివి. గింత పని వస్తదని నాకు తెల్వకపాయె" అంది.

మర్నాటి నుంచి పాలు పిండటం అంజయ్య పని. అందుకోసం అతనికి విడిగా ఒక చీర కేటాయించారు.